చప్పుడు విని చెప్పిన చాచా

చాచా పోయారన్న కబురు నాకు మేడ్చల్‌లో, డయాలసిస్ సెంటర్ వరండాలో ఉండగా తెలిసింది. మా ఆయన్ని లోపల మంచం మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చడం అయ్యాక బయటికి వచ్చి కూర్చున్నాను. ఫోన్ చేసింది చాచా కోడలు. తెల్లవారి నమాజు చదువుకుని కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదని చెప్పింది. ఆ అమ్మాయి ఏడవడం లేదు, నేనూ ఏడవలేదు. "అన్నకు డయాలసిస్ అయిపోయినంకనే రండ్రి, మధ్యల లేపకుండ్రి" అని మాత్రం అంది. మిషన్ ఆగడానికి ఇంకా మూడున్నర గంటలు ఉంది. ఆ మూడున్నర గంటలూ అదే కుర్చీలో కూర్చున్నాను. అలసట ఎంత పేరుకుపోయిందంటే, దుఃఖం రావడానికి కూడా లోపల చోటు లేనట్టుంది.

శామీర్‌పేటలో మా ఇంటిని ఆనుకునే ఆయన ఇల్లు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. మేము అక్కడికి కాపురం వచ్చేసరికే షుగరు ఆయన చూపును తినేసింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుగు, నీడ తప్ప మరేమీ తెలియదు. గళ్ళ లుంగీ, తెల్ల లాల్చీ, చక్కెర లేని చాయ్. ఆ చాయ్‌ని రోజూ తిడుతూనే తాగేవారు. పనిముట్లన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఏది ఎక్కడుందో వేళ్ళకు తెలుసు. ఎవరైనా తీసి మరోచోట పెడితే మాత్రం పిల్లల మీద కూడా కోప్పడేవారు.

మా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నాలుగేళ్ళ కింద మా ఆయన కిడ్నీలు పాడయ్యాయి. అప్పటిదాకా కారు ఆయనే నడిపేవారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం మానేసి, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని, నలభై రెండేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాను. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఆరున్నరకు ఇంట్లో బయలుదేరాలి, ఏడింటికి మంచం దొరకాలి. ఆ వేళ దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. ఆయన ఒంట్లో నీరు చేరి, ఆ రాత్రంతా పడుకోలేక కూర్చుని ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది.

అలాంటి రోజుల్లో కారు మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే కటకటమని చప్పుడు, అంతే. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చమన్నాడు, మార్చాం. పది రోజులకు కొత్తది కూడా అలాగే చచ్చిపోయింది. ఇంకొకతను కొత్త బ్యాటరీలోనే లోపం ఉందన్నాడు. ఒక మంగళవారం పొద్దున నేను మళ్ళీ మళ్ళీ తాళం తిప్పుతుంటే, చాచా వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. అప్పటికి ఆయనతో నమస్కారానికి మించి పరిచయం లేదు.

"బేటీ, ఆపు. గట్ల తిప్పితే ఉన్నది గూడ పోతది. ఏ దినం ఎక్కువ ఇట్ల జేస్తాంది?" అని అడిగారు.

ఆలోచించి చూస్తే ఎక్కువగా మంగళవారాలే. అదే చెప్పాను. శనివారం సెంటర్ నుంచి వచ్చాక కారు మళ్ళీ కదిలేది ఎప్పుడని అడిగారు. మంగళవారమే అన్నాను.

"అయితే బ్యాటరీ తప్పు గాదు. బండి నిలవడ్డప్పుడు ఎవ్వడో కూసొని తాగుతుండు. ఇయ్యాల ఆటోల పోండ్రి. రేపు నీకు సెంటర్ లేదు గద, ఆ తాగేటోన్ని దొరకవడదాం."

రెండు నెలల్లో ఇద్దరు మెకానిక్‌లు అడగని ప్రశ్న అది.

మర్నాడు ఆయన బిస్కెట్ డబ్బాతో వచ్చారు. బానెట్ తెరిచింది నేనే. ఆయన దేన్నీ ముట్టుకోలేదు, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. "మొదలు ఇను, ఎన్క జూడు, ఆఖరుకు ముట్టు" అనేది ఆయన మాట. తర్వాతి రోజుల్లో ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ముందు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నారు. వెలుగు ఎట్లుందో చెప్పమన్నారు. దీపాలు మినుకుమని ఆరిపోయినట్టయ్యాయి. వెలుగు తగ్గకుండా ఉండి బండి లేవకపోతే స్టార్టర్ దిక్కు చూడాలని, ఇలా ఆరిపోతే బ్యాటరీలో దమ్ము లేకపోవడమో, తీగల పట్టు సరిగా లేకపోవడమో అని చెప్పారు. బ్యాటరీ కొనల మీద తెల్లగా పచ్చగా పేరుకున్న పొడిని వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడిగించారు. ఎప్పుడు తీసినా మైనస్ తీగ ముందు తీయాలని మూడుసార్లు నా చేత చెప్పించారు.

ఓపిక నాకు మధ్యలోనే అయిపోయింది. ముందు రోజు ఆటో కుదుపులకు మా ఆయన వాంతులు చేసుకున్నారు, నాకు రాత్రి నిద్ర లేదు. "చాచా, నాకు ఇవన్నీ నేర్చుకునే ఓపిక లేదు. బండి నడిస్తే చాలు" అని విసుక్కున్నాను.

ఆయనకు కోపం రాలేదు. "ఓపిక లేనోళ్ళకే తెల్వాలె బేటీ. ఉన్నోళ్ళు నలుగురి దిక్కు తిరిగి అడుగుతరు. నువ్వెక్కడ తిరుగుతవ్?" అన్నారు.

నేను మళ్ళీ బానెట్ మీదికి వంగాను. బ్యాటరీకి దమ్ము ఎక్కించడానికి మూడు గంటలు ఛార్జర్ పెట్టించారు. ఆ తర్వాత మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య కరెంటు కొలిచే మీటరు కలిపించారు. తలుపులన్నీ మూసి, తాళం తీసేసి, కాసేపు ఆగి అంకె చదవమన్నారు. సున్నా పాయింట్ నాలుగు రెండు. "నిద్రవోయిన బండి గింత తాగద్దు" అన్నారు. ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, అంకె చదివి, మళ్ళీ పెట్టడం. తొమ్మిదోది పీకగానే అంకె దాదాపు సున్నాకు పడిపోయింది. అది లోపలి దీపాల ఫ్యూజు. కానీ లోపల ఏ దీపమూ వెలగడం లేదు.

వరండాలో కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న మా ఆయన అప్పుడు నోరు విప్పారు. జబ్బు చేసిన తర్వాత ఆ కారు గురించి ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "డిక్కీల గూడ ఒక లైటుంటది చాచా" అన్నారు.

డిక్కీ మూశాక లోపలి దీపం ఆరిందో లేదో బయటినుంచి ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో వీడియో పెట్టి, దాన్ని డిక్కీలో వేసి మూయమన్నది కూడా మా ఆయనే. తీసి చూస్తే, మూసిన డిక్కీలో దీపం వెలుగుతూనే ఉంది. ఆయన కోసం మేము వేసుకుపోయే మడత కుర్చీ తగిలి తగిలి, దీపాన్ని ఆర్పే మీట వంగిపోయింది. శనివారం నుంచి మంగళవారం దాకా అది బ్యాటరీని తాగుతూ కూర్చుంది. చాచా గట్టిగా నవ్వి, మా ఆయన ఉన్న వైపు తల తిప్పి, "నువ్వు మా డిపోల ఉండాల్సినోనివి బాబూ" అన్నారు. ఆ రాత్రి మా ఆయన చాలా రోజుల తర్వాత అడిగి మరీ అన్నం పెట్టించుకున్నారు.

చాచా గురించి చెప్పేటప్పుడు ఆయన పొరపాటు కూడా చెప్పాలి. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఆ వానాకాలం బండి మళ్ళీ బద్ధకంగా లేవడం మొదలుపెట్టింది. చాచాకు చెప్పాను. మీటరు పెట్టించారు. పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు చూపించింది. నిండుగా ఉంది, ఫికర్ పడకు అన్నారు. ఆ శనివారం మేడ్చల్‌లో సెంటర్ బయట, డయాలసిస్ అయ్యాక, తాళం తిప్పితే బండి ఒక్కసారి టక్‌మని ఆగిపోయింది. మా ఆయనకు బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతున్నాయి. నర్సు ఆయన్ని మళ్ళీ లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టింది. నేను చాచాకు ఫోన్ చేసి, ఏం చూడాలో చెప్పమని అడిగాను. ఆయన చెప్పలేదు. "నా మాట తప్పయింది. నేనే వస్తున్న" అని పెట్టేశారు.

ఆయన ఒక్కరే ఆటోలో వచ్చారు, ఒళ్ళో బిస్కెట్ డబ్బా పెట్టుకుని. కళ్ళు కనిపించని మనిషి శామీర్‌పేట రోడ్డు మీద ఆటోను ఎలా ఆపారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆటో అతన్ని కారులో కూర్చోబెట్టి తాళం తిప్పమన్నారు. నన్ను మీటరు కొన ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి అంకె చదవమన్నారు. తాళం తిప్పగానే నాలుగు వోల్టులు చూపించింది. అర వోల్టు కూడా చూపించకూడదట. బ్యాటరీ నుంచి బండి ఇనుముకు పోయే లావు తీగ దగ్గర బోల్టు తుప్పు పట్టింది. కరెంటంతా అక్కడే చచ్చిపోతోంది. విప్పాను, గరుకు కాగితంతో మెరిసేదాకా గీకాను, బిగించాను. బండి మొదటిసారికే లేచింది.

నేను మాట్లాడబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "పండుకున్నోని నాడి జూసి మంచిగున్నడన్న. బరువు లేపేటప్పుడు జూడాలె. ముప్పై ఏండ్లు జేసి గూడ అందాజు మీద చెప్పిన."

అంతటితో ఊరుకోలేదు. తనను లోపలికి తీసుకుపొమ్మన్నారు. మా ఆయన మంచం పక్కన నిలబడి, "నా తప్పుకు నువ్వు పరేషాన్ అయినవ్ బాబూ" అన్నారు. ఎన్నో ఆసుపత్రులు తిరిగాం, ఎన్నో పొరపాట్లు చూశాం. ఒప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు. మా ఆయన చాచా చెయ్యి పట్టుకున్నారు, చాలాసేపు వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో చాచా వెనక సీట్లో కూర్చుని నన్ను ఒక మాట అడిగారు. ఈ నాలుగు గంటలూ నువ్వేం జేస్తవని. కుర్చీలో కూర్చుంటానని చెప్పాను. పండుకోవా అన్నారు. మా ఆయనకు ఏమైనా అయితే పిలుస్తారేమోనని నిద్ర రాదన్నాను. ఆ తర్వాతి శనివారం ఆరున్నరకు చాచా లాల్చీ తొడుక్కుని మా కారు పక్కన నిలబడి ఉన్నారు. "నేను బాబు కాడ కూసుంట. నువ్వు కార్ల పండుకో" అన్నారు.

అప్పటినుంచి దాదాపు ప్రతి శనివారం వచ్చారు. నేను సెంటర్ ఎదురుగా వేపచెట్టు నీడలో కారు పెట్టి, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకునేదాన్ని. వారం మొత్తంలో నేను ఒళ్ళు మరిచి నిద్రపోయింది ఆ గంటల్లోనే. లోపల వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలియదు. ఒకసారి అడిగితే "గవి మా ఇద్దరి ముచ్చట్లు" అన్నారు చాచా. మా ఆయన నాతో చెప్పుకోలేని భయాలు ఆయనతో చెప్పుకున్నారని నేను అనుకుంటున్నాను. చాచా వాటిని ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు.

చాచా పోయిన రోజు మేము ఇంటికి చేరేసరికి ఆయన్ని మోసుకుపోయే జనాజా బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. మా ఆయన నడవలేరు. నడిచేవాళ్ళ వెనకే కారును మెల్లగా పోనిచ్చాను. ఖబరస్తాన్ గేటు దగ్గర ఆయన దిగి, ఎవరి భుజమో పట్టుకుని లోపలికి పోయి మూడు పిడికిళ్ళ మన్ను వేసి వచ్చారు. చేతులు కడుక్కోకుండానే కారెక్కారు. సాయంత్రం నేను చాచా భార్య, చాచి దగ్గర కూర్చున్నాను. ఆమె నాతో అన్నది ఒకటే మాట. "శనివారం వస్తాందంటే ముందు రోజే లాల్చీ ఇస్త్రీ జేయించుకునేటోడు."

ఇప్పుడు శనివారాలు మేమిద్దరమే పోతున్నాం. పొద్దున కారు వెనక్కి తీసేటప్పుడు రెండు ఇళ్ళకూ కలిపి ఉన్న ప్రహరీ గోడ నా కళ్ళ ముందుంటుంది. తెల్ల సున్నం వేసిన ఆ గోడ మీద, నడుం ఎత్తులో, ఆయన గేటు నుంచి మా గేటు మీదుగా నల్లగా ఒక చార ఉంది. ఇన్నాళ్ళూ ఆయన అరచెయ్యి ఆనించుకుని నడిచి వచ్చిన దారి అది. మా కారు బానెట్ ఆగే చోటు దాకా వచ్చి ఆ చార ఆగిపోతుంది. అక్కడినుంచి గోడ తెల్లగా ఉంటుంది.