మా కెమెరాలో రమీజా గారి భర్త

మార్టూరు దగ్గర హైవే మీద మా కాలేజీ వాళ్ళం కెమెరా పెట్టాం. ఏ బండి ఎంత వేగంతో వెళ్తోందో చూసి, రోడ్డు మీద ఎంత పొగ పోగవుతోందో అంచనా వేస్తాం. ఈ రోజు మధ్యాహ్నం అక్కడే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే రమీజా అనే ఆవిడ వచ్చారు. ఆవిడ భర్త మిరపకోతకి కూలీలని ఆటోలో తీసుకెళ్ళేవాడట. పోయిన వారం చేలోనే గుండె ఆగి చనిపోయాడట.

"ఆ రోజు నేను లేవకముందే ఇటు వెళ్ళిపోయారండీ. ఒక్కసారి చూపిస్తారా?" అన్నారు.

ఆ పొద్దుటి వీడియో వెతికాను. మంచులోంచి ఆటో వచ్చింది. మొహం సరిగా కనపడలేదు, వెనక నల్లటి పొగ మాత్రం బాగా కనపడింది.

"ఆయనే. ఆ పొగ సంగతి చూడమని రోజూ పోరేదాన్ని" అన్నారావిడ. ఆపమంటే ఆపాను. తెర మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా, "ఇంక పోనివ్వండి" అన్నారు.

ఆటో తెర దాటి వెళ్ళిపోయింది.

బయటివాళ్ళకి వీడియో చూపించకూడదని మాకు రూలు. రేపు మా సార్ చేత తిట్లు తినాలి. మీరైతే చూపించేవారు కాదా?