పడవ ముక్కు మీద మరుగుదొడ్డి

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, చలేస్తే నన్నెవరో కావాలని అవమానించినట్టు కోపం వచ్చేది. (నెల్లూరు చలికి గడ్డకట్టుకుపోయినవాడు ఎవడూ లేడు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.) మద్రాసులో పుట్టి పెరిగి, అక్కడే సరుగుడు కట్టెల డిపోలో గుమాస్తాగా చేరాను. పొద్దస్తమానం టెలిఫోను పట్టుకుని అవతలివాడి మీద అరవడమే ఉద్యోగం. అలాంటి నన్ను ఒక పుష్యమాసంలో, కృష్ణపట్నం నుంచి కట్టెల పడవతోపాటు కాలవ మీద మద్రాసుకి రమ్మన్నారు.

పడవలో చుక్కాని పట్టే సరంగన్న, వంట చేసే అతని బావమరిది, నేను. మంచినీళ్లు ఒక్క పీపా. కాలవ నీళ్లు ఉప్పు కాబట్టి పీపా తాగడానికీ వండడానికీ మాత్రమే. బియ్యం కడగాలన్నా గిన్నెలు తోమాలన్నా వెనకవైపు కూర్చుని కాలవలో ముంచుకోవాల్సిందే. దొడ్డికి మాత్రం తెల్లారకముందే మోకాలిలోతు బురదలో దిగి, గట్టెక్కి, దూరంగా పోవాలి. మొదటిరోజే తిరగబడ్డాను.

“ఇంత చల్లటి బురదలోనా? ఫోనుంటే ఇప్పుడే యజమానికి చెప్పేవాణ్ణి!”

“చెప్తే చలి తగ్గతాదా సామీ? గమ్మున దిగి పొయిరా. పడవలో ఆ పని చెయ్యం” అన్నాడు సరంగన్న.

నేనూరుకుంటానా? వెనకవైపు ఉత్తరపుగాలి కొడుతోంది. అందుకని పడవ ముక్కు దగ్గర, కట్టెల చాటున, రెండు పలకలు వేసి చుట్టూ గోనెపట్టా కట్టాను. వెచ్చగా ఉంది! మర్నాడు తెరచాప ఎత్తి పడవ సాగుతుండగా, ఎవరికీ చెప్పకుండా దాన్ని ప్రారంభించి, ఈలవేసుకుంటూ వెనక్కొచ్చాను. బావమరిది బియ్యం కడిగే గిన్నెలోకి చూస్తూ బిగుసుకుపోయి ఉన్నాడు.

“అన్నా, ఇదేందో చూడు!”

సరంగన్న గిన్నెలోకి చూశాడు, తెరచాపకేసి చూశాడు, చివరికి నాకేసి చూశాడు.

“పడవ ముందుకి పోతావుంటే, ముందర పడింది యాడికొస్తాది నాయనా?”

బియ్యం పారబోశారు. గిన్నెలూ గరిటెలూ చేతులూ మంచినీళ్లతోనే కడిగారు. పీపా అడుగు కనిపించింది. ముందున్నదేమో పులికాట్ సరస్సు, రెండురోజుల ఉప్పునీళ్లు.

“ఇంక నీళ్లు లేకుండా సరస్సులో దిగితే చస్తాం. తెచ్చేది నువ్వే” అని సరంగన్న పడవని గట్టుకి చేర్చి, కావడి నా భుజానికెత్తాడు.

బావి గట్టు మీది ఊరికి అవతల. అదే బురద, అదే చలి, ఆరుసార్లు తిరిగాను. పీపా నిండాక మొదటి గ్లాసు ముంచి నాకే ఇచ్చాడు సరంగన్న. “తాగు. పాపం, చెమటలు పట్టినాయే!”

మర్నాడు చీకటుండగానే అందరికంటే ముందు దిగి, అందరికంటే దూరం నడిచాను. ఎంత దూరమంటే, వాళ్లిద్దరూ నేను మద్రాసుకి నడిచి పోతున్నాననుకుని కేకలేశారు. పొగరు తగ్గినా అతి తగ్గని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు కాస్త ముద్దుగానూ అనిపిస్తాడు.