రెండెండల మిరియాలు

“ఆ ఓడవాడు నన్నే గింజ కొరకమంటే ఏం చెయ్యను ఉమ్మా? చంకలో నా పిల్ల ఉంటుంది. మనల్ని కూడా కాల్చేస్తారు.”

కదీసు గొంతు బాగా తగ్గించి అడిగింది. తల్లి బియ్యాత్తు మాత్రం కళ్ళంలో పరిచిన మిరియాలను కాలితో తిరగేస్తూనే ఉంది.

“కాల్చేవాళ్ళు కారణం చూస్తారటే? హజ్ చేసొస్తున్న మీ నాన్న వాళ్ళకేం చేశాడు?”

కన్ననూరు రేవులో మిరియాల బేరమంతా బియ్యాత్తు పళ్ళ మీద నడిచింది. సంచిలోంచి ఒక గింజ తీసి కొరికేది. టక్కుమని విరిగితే “కానీ” అనేది. అప్పుడే సంచి త్రాసెక్కేది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క పచ్చి గింజను దాటనివ్వలేదు. ముందుపళ్ళు ఊడిపోయాక ఆ పని కూతురికి వచ్చింది.

ఆమె భర్త మమ్మాలి మక్కా నుంచి తిరిగివస్తుంటే నడిసముద్రంలో పోర్చుగీసు పరంగీల ఓడలు అడ్డగించాయి. ఉన్నదంతా దోచుకుని, మనుషులను లోపలే ఉంచి ఓడకు నిప్పు పెట్టారు. కొన్ని నెలలకే ఆ పరంగీలు మిరియాల కోసం కన్ననూరు వచ్చారు. అమ్మి తీరాలని రాజుగారి ఆజ్ఞ. బియ్యాత్తు ఎదురు చెప్పలేదు. మిరియాలకు ఏడెండలు కావాలి. ఆమె రెండే పెట్టింది.

రెండో ఎండకే గింజ పైతోలు నల్లబడి ముడుచుకుంటుంది. లోపలి తేమ మాత్రం ఎక్కడికీ పోదు. ఆ సరుకును గాలాడని ఓడ అడుగున కుక్కితే నాలుగు వారాల్లో వేడెక్కి, చెమర్చి, బూజు పట్టి కుళ్ళుతుంది.

“నడిసముద్రంలో ముక్కులు మూసుకుని పారబోసుకోవాలి,” అంది బియ్యాత్తు. “మనవాళ్ళ బూడిద కలిసింది కూడా అక్కడే.”

సంచుల మూతి దగ్గరా అడుగునా బాగా ఎండినవి పోసి, నడుమ పచ్చివి నింపింది.

తూకం రోజున ఓడ గుమాస్తా దుబాసీని వెంటబెట్టుకుని దిగాడు. మూతి దగ్గరి గింజ తనకు వద్దన్నాడు. కత్తితో ఒక సంచిని నడుమన కోసి, అక్కణ్ణుంచి ఒక గింజ తీశాడు.

దుబాసీ పళ్ళికిలించాడు. “బియ్యాత్తక్కా, నీ పళ్ళతోపాటు పరువూ ఊడిందని వీడి అనుమానం. మీ అమ్మాయిని కొరకమంటున్నాడు.”

“కొరుకుతుందిలే. మొన్నటిదాకా మిరియాన్ని ఎలకపెంట అనుకున్నవాళ్ళు కూడా పరీక్షలు పెట్టేస్తున్నారు!”

“ఈ మాట వీడికి చెప్పమంటావా?”

“చెప్పు. బేరం చెడితే ఈ సంచులన్నీ నువ్వే మోసుకుపోదువుగాని.”

గింజ కదీసు వేళ్ళ మధ్యకు వచ్చింది. మెత్తగా ఉంది. ‘ఇది ఎండలేదు’ అనేస్తే సరిపోతుంది. మహా అయితే నాలుగు దెబ్బలు, సరుకు వెనక్కి. పిల్ల బతుకుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

అంతలో గుమాస్తా రాసిన కాగితం మీద సిరా ఆరడానికి ఇసుక చల్లుకుందామని నడుముకున్న వెండి డబ్బీ తీశాడు. అది తమలపాకుల సున్నం పెట్టుకునే డబ్బీ. మూత అంచున నాలుగు చిన్న నొక్కులున్నాయి. కదీసుకు పాలపళ్ళు వచ్చేటప్పుడు కొరికిన గుర్తులవి. మమ్మాలి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ డబ్బీ చూపించి, “మా అమ్మాయి వెండినే నమిలేసింది” అని మురిసిపోయేవాడు. మక్కాకు కూడా దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాడు.

కదీసు గింజను పంటికింద పెట్టుకుంది. అది చప్పుడు లేకుండా అణిగిపోయింది. అదే క్షణంలో ఆమె పై పన్నునూ కింది పన్నునూ బలం కొద్దీ ఢీకొట్టింది.

టక్!

చంకలో పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. కదీసు విరిగిన పన్ను ముక్కనూ, నెత్తురునూ, మిరియాన్నీ కలిపి మింగేసింది.

“కానీ,” అంది.

మరుసటేడు ఓడలొచ్చే గాలి మళ్ళాక అదే దుబాసీ కబురు తెచ్చాడు. ఓడ అడుగుకు దిగినవాడు దిగినట్టే కళ్ళు తిరిగి పడ్డాడట. మిరియాల్లో సగానికి పైగా సముద్రంలో పోశారట. ఓడ చెమ్మెక్కి సరుకు తడిసిందనుకుని, చూసుకోనందుకు గుమాస్తాకు గొలుసులు వేశారట.

బియ్యాత్తు మొత్తం విని ఒక్కటే అడిగింది. “ముక్కులు మూసుకున్నారా?”

“మూసుకోకేం చేస్తారక్కా!”

బోసినోటితో ఆమె అంతగా నవ్వడం కదీసు చూడడం అదే మొదటిసారి.

దుబాసీ వెళ్ళగానే ఆ నవ్వు పోయింది. కూతురి విరిగిన పన్నును వేలితో తడిమి చూసింది.

“పన్ను పోతే పోయింది. పిల్లని చంకనేసుకుని వాడి ముందు నిలబడ్డావే, అదీ నువ్వు చేసిన తప్పు. వద్దని చెప్పకపోవడం నా తప్పు.”

మూడేళ్ళకు బియ్యాత్తు చనిపోయింది. కళ్ళం ఇప్పుడు కదీసుది. పరంగీల తెరచాప కనబడిన ప్రతిసారీ ఆమె తల్లి చెప్పినట్టే చేస్తుంది.

“ముందు పిల్లని లోపలి ఊళ్ళో మీ పిన్ని ఇంటికి పంపించెయ్. అది చేరిందని కబురొచ్చాకే మిరియాలు ఎండబొయ్యి. రెండెండలు చాలు.”