పడమటి గోడకి మేకు కొట్టొద్దన్నారు

ఐర్లండులో ట్రాలీ అనే ఊళ్లో మేము కొనుక్కున్న ఇంటికి పడమటి గోడ పైసగం చెక్కపలకలతో ఉంటుంది. కొనేటప్పుడు మాకు ముచ్చటేసింది అదే. వీధిలో మిగతా ఇళ్లన్నీ బూడిదరంగు సిమెంటు మొహాలు పెట్టుకుని ఉంటే మాది మాత్రం కాస్త కళగా కనిపించింది. ఈ ఊళ్లో వాన పైనుంచి పడదనీ, సముద్రం వైపు నుంచి అడ్డంగా వచ్చి కొడుతుందనీ, అది ముందుగా కొట్టేది పడమటి గోడనేననీ అప్పుడు మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదు లెండి. ఇల్లు నచ్చాక ఎవరి మాట చెవికెక్కుతుంది?

నాకు ఏడో నెల నడుస్తుండగా ఆ గోడ సంగతి బయటపడింది. లోపలి వైపు చిన్నగదిలో రంగు పొక్కులు తేలి, మూలన నల్లటి బూజు పాకింది. పుట్టబోయే బిడ్డకని అట్టేపెట్టిన గది అది. అప్పటికి అందులో మా అత్తయ్య పడుకుంటున్నారు. దసరా వెళ్లగానే కాకినాడ నుంచి వచ్చారు, నన్ను కనిపెట్టుకుని ఉండడానికి. అంతకు ముందు నాకు రెండుసార్లు కడుపు మధ్యలోనే పోయింది. కాబట్టి ఈసారి ఇంట్లో అందరం గట్టిగా ఊపిరి తీసుకోవడానికి కూడా జంకుతూ బతుకుతున్నాం.

మా ఆయనది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని. ఇంటి పనంటే బల్బు మార్చడం దగ్గరే ఆగిపోతాడు. తెలిసినవాళ్లని అడిగి ఒక వడ్రంగిని పిలిపించాడు. అరవై దాటిన మనిషి, ఇక్కడి కెర్రీ జిల్లా యాస, మాటలు తక్కువ. నిచ్చెనెక్కి ఒక పలకలోకి స్క్రూడ్రైవర్ గుచ్చితే అది మెత్తబడిన బెల్లంలోకి దిగినట్టు పిడిదాకా దిగింది. కిందికి వచ్చి రెండు దారులున్నాయన్నాడు. కుళ్లినంత మేర తవ్వి, పుట్టీ పెట్టి, రంగేసి ఈ చలికాలం గట్టెక్కించడం ఒకటి. అది ఎన్నాళ్లుంటుందో ఆయన పూచీ పడడట. పలకలన్నీ ఊడబెరికి, వెనకున్న చట్రం కూడా మార్చి, మొత్తం కొత్తగా వేయడం రెండోది. అదైతే వారం పని. నవంబరు చివర ఒక వారం ఖాళీ ఉంది, అది దాటితే ఈస్టర్ తర్వాతే అన్నాడు.

ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? నేను ఇక్కడి ఆస్పత్రిలో డాక్టర్ని. చెమ్మగదిలో పసికందు ఊపిరితిత్తులు ఏమవుతాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మార్చేయమని నోటిదాకా వచ్చింది. ఇంతలో టీ పట్టుకొచ్చిన అత్తయ్య విషయమేమిటని కొడుకుని అడిగారు. అతను చెప్పాడు. ఆవిడ కప్పులు గట్టు మీద పెట్టేసి, "కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో గోడలు ఊడదీస్తారట్రా ఎవరైనా?" అన్నారు.

మా వైపు ఆ పట్టింపు ఉంది. ఇంటి కోడలు నీళ్లాడేదాకా ఆ ఇంటికి గునపం తగలకూడదు, గోడకి మేకు దిగకూడదు. పుట్టే బిడ్డకి అంగవైకల్యమో, లేకపోతే అసలుకే మోసమో వస్తుందంటారు. నేను నవ్వేసి ఊరుకోవాల్సిన మాట. కానీ నాకు నవ్వు రాలేదు. రెండోది పోయినప్పుడు ఇదే అత్తయ్య ఫోన్‌లో, బరువులేమైనా ఎత్తావా అమ్మాయ్ అని అడిగారు. అది జన్యువుల్లో వచ్చిన తేడా, నేను ఎత్తినా ఎత్తకపోయినా పోయేదే అని అరగంట సేపు విడమరిచి చెప్పాను. అంతా బుద్ధిగా విని, అంతేలే, మరి ఆ నెలంతా మెట్లెక్కి దిగుతూనే ఉన్నావుగా అన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ నెలలో ఏయే మెట్లెక్కానా అని గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. చదువుకున్నదంతా ఎక్కడికి పోయిందో మరి.

మా ఆయనేమో "నీ ఇష్టం" అన్నాడు. ఇదేదో పెద్ద మనసనుకునేరు. శుద్ధ తప్పించుకోవడం. రేపు ఏదైనా అటూ ఇటూ అయితే చెయ్యమన్నది నువ్వేగా అనడానికి కాదు, అంత చెడ్డవాడు కాదు. అనకపోయినా అతనికి అలా తోస్తుందని అతనికే భయం. ఆ భయాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆ సాయంత్రం అతన్ని గట్టిగానే తగులుకున్నాను.

"ఏదైనా అయితే గోడ వల్ల అని నువ్వనుకోవు. నేనూ అనుకోను. మీ అమ్మ అనుకుంటారు. ఆవిడ అలా అనుకుంటున్నారని తెలిసి, బతికున్నన్నాళ్లూ నేనూ అదే అనుకుంటాను. అర్థమవుతోందా నీకు?"

అతను తల వంచుకుని పుట్టీతో సరిపెట్టేద్దామన్నాడు.

అక్కడ మొదలైంది అసలు తమాషా. పుట్టీ అయితే సుత్తి అక్కర్లేదు కాబట్టి అత్తయ్యకి అభ్యంతరం లేదు. కానీ నాలుగు పలకలు వేలాడుతున్నాయి, వాటినైనా బిగించాలి. మేకులు వద్దంటే స్క్రూలు పనికొస్తాయా అని వడ్రంగి అడిగాడు, వేళాకోళంగా కాదు, నిజంగానే. మా ఆయన ఆ మాట తెలుగులో చెబితే అత్తయ్య చాలాసేపు ఆలోచించారు. స్క్రూ తిప్పేదే తప్ప కొట్టేది కాదు కదా, పరవాలేదన్నారు. వెళ్లబోతూ వడ్రంగి నాతో, మా పెద్దది పుట్టేవరకు కీడని మావాళ్లు పసిపిల్లల్ని తిప్పే ప్రామ్ బండి ఇంట్లోకి తేనివ్వలేదు, మా చెల్లెలింట్లోనే ఉంచాం అన్నాడు. ఇంత దూరమొచ్చినా ఇదేనా అని విసుగొచ్చింది. ఆయన మాత్రం నన్ను ఓదారుస్తున్నాననుకున్నాడు, పాపం.

పుట్టీ రెండు వారాలు కూడా ఆగలేదు. విడవకుండా నాలుగు రోజులు వాన కొట్టేసరికి రంగు ఉబ్బి, పగిలి, పుట్టీ పెచ్చులు పెచ్చులుగా పెరట్లో పడింది. చిన్నగది గోడ మీద చెయ్యి వేస్తే తడి అంటుకుంటోంది. అత్తయ్యకి దగ్గు పట్టుకుంది. చలిదేశం కదా, మామూలే అని చీరకొంగు అడ్డం పెట్టుకుని దగ్గేవారు, నాకు వినపడకూడదని. ఒకరోజు బలవంతంగా కూర్చోబెట్టి స్టెతస్కోప్ పెట్టి చూశాను. ఛాతీలో పిల్లికూతలు. మందు రాసిచ్చాను, ఆ గదిలో పడుకోవద్దన్నాను. హాల్లో సోఫా మీద పడుకుంటానుగానీ మరి రేపు బిడ్డనెక్కడ పడుకోబెడతావమ్మా అని ఆవిడే అడిగారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. ఆవిడ ఎదురుగా అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు.

"నన్నడుగుతారేంటి అత్తయ్యా? గోడ ఊడదీస్తే బిడ్డ పోతుందంటారు. ఊడదీయకపోతే పుట్టిన బిడ్డ ఈ గదిలో దగ్గి దగ్గి చస్తుంది. ఎటు పోయినా చివరికి అందరూ చూసేది నా వంకే కదా."

నేను క్షమించమనలేదు. అన్నం కూడా ఎవరిది వాళ్లు వడ్డించుకు తిన్నాం. మా ఆయన ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూ ఇద్దరి మొహాలూ చూశాడు.

మర్నాడు పొద్దున వడ్రంగి వచ్చాడు. పాడైన పుట్టీ చూసుకుని, ఆ ఖాళీ వారం ఇంకెవరికైనా ఇచ్చేయమంటారా అని అడగడానికి వచ్చాడు. మా ఆయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. ఇంతలో అత్తయ్య స్వెటర్ మీద నా వానకోటు తొడుక్కుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని పెరట్లోకి నడిచారు. వడ్రంగి సామాన్ల బకెట్లోంచి మేకులు పెకలించే ఇనప కడ్డీ తీసుకున్నారు. ఆయన అడ్డుకోబోయి, ఆవిడ మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. పలకలు నేల మీంచి అందవు. వంటింట్లోంచి తెచ్చిన కుర్చీ ఎక్కి, చేతికందిన అట్టడుగు పలక కిందికి కడ్డీ దూర్చి ఊపారు. కుళ్లిన చెక్క కదా, పెద్దగా మొండికేయకుండానే ఊడొచ్చింది. వెనక చట్రమంతా నల్లగా నాని ఉంది.

ఆవిడ ఆయాసపడుతూ నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, మొదటి దెబ్బ నేను వేశాను. నువ్వు కాదు, వాడూ కాదు. ఏమైనా జరిగితే నా వల్ల జరిగింది. చుట్టాలందరికీ నేనే ఫోన్ చేసి చెప్పుకుంటాను. ఇంక నువ్వు లోపలికి పోయి పడుకో."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు, కుర్చీ దిగి కడ్డీ వడ్రంగి చేతికిచ్చి దగ్గుకుంటూ లోపలికి వెళ్లారు. ఆ ఖాళీ వారంలోనే ఆయన మొత్తం ఊడదీసి కొత్త పలకలు వేశాడు. సుత్తి మోత మోగుతున్న ఆ వారమంతా నేను పగలు కూడా నిద్రపోయాను. అన్ని నెలల తర్వాత నాకు హాయిగా పట్టిన నిద్ర అది.

ఆవిడ సంగతి వేరు. పని జరిగిన వారమే కాదు, అది అయిపోయాక కూడా నేను ఎప్పుడు మెలకువ వచ్చి లేచినా ఆవిడ సోఫా మీద కూర్చునే ఉండేవారు, చేతులు ఒళ్లో పెట్టుకుని. దేవుడికి దండం పెట్టుకుంటున్నారనుకోవడానికి కూడా లేదు, పెదవులు కదిలేవి కావు. బిడ్డ కదులుతోందా అని రోజుకోసారి మాత్రమే అడిగేవారు, ఎక్కువసార్లు అడిగితే నేను బెదురుతానని. కదులుతోందంటే తలాడించేవారు. నమ్మినట్టు కనిపించేవారు కాదు. తినమంటే తినేవారు, పడుకోమంటే పడుకుంటానులే అనేవారు. నా భయం ఎక్కడికీ పోలేదు, ఆవిడ దగ్గరికి వెళ్లింది. అది తెలిసి కూడా నేను వెనక్కి తీసుకోలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం పాప పుట్టింది. మా ఆయన వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. అత్తయ్య మొదటి రింగుకే ఎత్తారట. ఆడపిల్లా మగపిల్లాడా అని అడగలేదట, నేనెలా ఉన్నానని కూడా అడగలేదట. "ఏడ్చిందా?" అన్నారట. ఏడ్చిందమ్మా, గట్టిగా ఏడ్చింది అన్నాడు అతను.

"అయితే ఇంక నేను పడుకుంటానురా" అని ఫోన్ పెట్టేశారట.