యెషయాగారి మంచు ప్రకటన

యెషయాగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: మంచు. ఆయన పుట్టింది అమలాపురం పక్కన, బతికేది బహ్రెయిన్‌లో, చేసేది సిత్రాలో ఏసీలు బాగుచేసే పని. మంచు కురవడం కళ్లారా చూసిన పాపాన పోలేదు. అయినా జార్జియా దేశంలో ఒకానొక కొండ మీద మంచు ఎంత పడింది, మెత్తగా ఉందా గట్టిపడిందా, దాని మీద స్కీయింగ్ చేసేవాళ్లు జారొచ్చా కూడదా అన్నది నలుగురికీ చెప్పందే ఆయనకు అన్నం సయించదు.

ఈ పిచ్చికి అందరికంటే ఎక్కువ నలిగినవాడు తెలుగు సహవాసం కార్యదర్శి మణికుమార్. అరాద్‌లో వాళ్లు శుక్రవారం ఆరాధన జరుపుకునే హాలు అద్దెది. వీళ్ల తర్వాత మలయాళం వాళ్ల వంతు. వాళ్లు పిల్లాజెల్లాతో గుమ్మంలో నిలబడి వాచీలు చూసుకుంటుంటే మణికుమార్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ప్రకటనలు చదివేవాడు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఊరెళ్లేవాళ్ల పేర్లు. హమ్మయ్య అనుకునేలోపు యెషయాగారు లేచి గొంతు సవరించుకునేవారు.

“ప్రియ సంఘమా! పాత మంచు ఎండకు కరిగి, చలికి అట్టకట్టింది. దాని మీద కొత్త మంచు మోకాటి లోతు పడింది. రెండూ ఇంకా అతుక్కోలేదు, పైది పొరంతా ఒక్కసారే జారిపోవచ్చు. ఏటవాలున ఎవరూ కాలు పెట్టకండి!”

“ఫ్లైఓవర్ తప్ప ఈ దేశంలో ఏటవాలు ఎక్కడుందండీ?” అని వెనక వరసలోంచి ఎవరో అనేవారు.

“నవ్వండి, నవ్వండి. పైకి తెల్లగా బుద్ధిగా కనిపించేదాన్నే నమ్మకూడదు” అనేవారాయన. తెల్లచొక్కాలు వేసుకొచ్చిన పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఎండాకాలం వస్తే మంచు కరిగి పీడా విరగడవుతుందని మణికుమార్ ఆశపడ్డాడు. జూలై వచ్చింది. బయట అడుగుపెడితే చెప్పులు తారుకు అంటుకుంటున్నాయి. యెషయాగారు మామూలుగా లేచి, కొండ మీద గడ్డి ఏపుగా పెరిగిందనీ, ఆవులు మేస్తున్నాయనీ, వాటికి ఆరోగ్యం బాగుందనీ చెప్పి కూర్చున్నారు.

మళ్లీ చలికాలం వచ్చాక సహవాసమంతా సఖీర్ ఎడారికి పిక్నిక్కు వెళ్లింది. పిల్లలు ఇసక దిబ్బ ఎక్కి జారబోతే యెషయాగారు చేతులు చాపి అడ్డం నిలబడ్డారు.

“ఆగండర్రా! ముందు పరీక్ష చెయ్యాలి.”

బిర్యానీ వడ్డించే పెద్ద గరిటె పట్టుకెళ్లి దిబ్బకు గొయ్యి తవ్వారు. లోపలి పొరలను వేలితో గుచ్చి చూశారు. “గాలి ఇటునుంచి వీచి అటుపక్క పేర్చింది. అటుపక్క గుల్ల. ఇటుపక్క జారండి” అని తీర్పిచ్చారు. ఆ పూట అందరి పళ్ల కిందా ఇసక కరకరలాడింది.

“ఏమండీ, మీకు స్కీయింగ్ వచ్చా?” అని మణికుమార్ పళ్లు నూరుతూ అడిగాడు. అసలే ఇసక, నూరితే ఇంకా మోగింది.

“బాత్‌రూములో జారడం తప్ప ఏమీ రాదు బాబూ” అన్నారాయన, ఇంకో ముద్ద పెట్టుకుంటూ.

ఆ మరుసటి శుక్రవారం మణికుమార్ గుండె రాయి చేసుకున్నాడు. “ఈ వారం నుంచి మంచు ప్రకటన లేదు. టీ తాగి దయచేసి బయలుదేరండి” అనేశాడు. సగం లేచిన యెషయాగారు మళ్లీ కూర్చున్నారు. మణికుమార్‌కు ప్రాణం లేచొచ్చింది.

కానీ టీ రాలేదు. టీ పోసే లూర్దుమేరి గిన్నె మీద మూత పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ అరాద్‌లోనే ఒక ఇంట్లో వంటమనిషి. మాట కత్తి, టీ అమృతం. ప్రకటనలప్పుడు అందరికీ వీపు తిప్పి టీ కలుపుకుంటూ ఉండేదే గానీ, మంచు గురించి ఏనాడూ ఎవరినీ అడిగింది లేదు.

“ఆయన మాట్లాడలేదేం?” అంది.

“నేనే వద్దన్నానక్కా. టైమైపోతోందని...”

“పోయిన వారం కొత్త మంచు అతుక్కోలేదన్నాడు. ఈ వారం గాలి ఎటు తిరిగిందో, అతుక్కుందో లేదో తెలియకుండా ఇంకో వారం నన్ను ఎలా ఉండమంటావయ్యా?”

యెషయాగారు మణికుమార్‌ను పక్కకు లాగి చెవిలో చెప్పారు.

“వాళ్లబ్బాయి థామస్ ఆ కొండ మీదే పనిచేస్తున్నాడు బాబూ. స్కీయింగ్ వాళ్లను తీగ మీద కుర్చీల్లో పైకి పంపే పని. ఈవిడ తన యజమాని కాళ్లావేళ్లా పడి ఇక్కడ స్టోర్‌కీపర్ ఉద్యోగం ఇప్పిస్తే, వదిలేసి పోయాడని ఏడాదిపైగా మాటల్లేవు. పేరెత్తితే గరిటె లేస్తుంది. నేను మొదట్లో ‘అక్కడంతా క్షేమమే’ అని గాల్లో అనేవాణ్ని. ‘మంచు సంగతి ఇతనికేం తెలుసు’ అని గొణిగేది. అందుకని నేర్చుకున్నాను. వారం వారం కుర్రాడికి ఫోన్ చేసి కనుక్కుంటాను. నేరుగా చెబితే వినదు. నలుగురికీ చెబితే ఐదో మనిషిగా వింటుంది.”

మణికుమార్‌కు సిగ్గేసింది. ఏడాదిగా తాను వాచీ చూసుకున్న ప్రతిసారీ ఈ మనిషి అందరిచేతా పిచ్చివాడనిపించుకుంటూ నిలబడ్డాడు.

“మేరమ్మగారూ, థామస్...” అంటూ యెషయాగారు దగ్గరికి వెళ్లారు.

“నేను ఎవరినీ అడగలేదు. మంచునడిగాను.”

“మంచు అతుక్కుంది. అయినా పై దారి ఇంకా మూసే ఉంచారు.”

“మూయాలి మరి. మధ్యాహ్నం ఎండకు మెత్తబడుతుంది.” గిన్నె మీద మూత సర్దుతూ, “చెవులకు టోపీ అదీ పెట్టుకుంటోందా?” అంది.

“ఏదండీ, మంచా?”

లూర్దుమేరి కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అడిగి చెప్పండి” అంది.

యెషయాగారు ఫోన్ కలిపారు. అటువైపు మోగుతుండగానే ఆయనకు ఎక్కడలేని దగ్గు వచ్చింది. దగ్గుతూ దగ్గుతూ ఫోన్ ఆవిడ చేతిలో పెట్టేశారు. “హలో, అంకుల్?” అని కుర్రాడి గొంతు హాలంతా వినిపించింది.

లూర్దుమేరి ఫోన్ చెవికి ఆనించుకుంది. గొంతు కత్తిలాగే ఉంది.

“అంకులూ లేదు, ఆంటీ లేదు. గాలి ఎటునుంచి రా?”