గంజాయి లైసెన్సుకి అర్చన

చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఈ లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఎప్పుడు పోయిందో గుర్తులేదు గానీ, ఉన్నన్నాళ్లూ హాయిగానే ఉండేది.) మా నగరంలో మనవాళ్లెక్కువగా ఉండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో, మావయ్య ఫ్లాట్‌లో ఉంటూ, రోజూ మోనోరైల్ ఎక్కి ఆఫీసుకి వెళ్లేదాన్ని. అమెరికాలో ఒక రాష్ట్రంలో గంజాయి దుకాణాలకు ప్రభుత్వమే లైసెన్సులిస్తుంది. ఆ దరఖాస్తుల్లో ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేదో చూసిపెట్టే పని మా కంపెనీకి దక్కింది, కంపెనీ నుంచి నాకు దక్కింది. లైసెన్సు ఇచ్చేది అక్కడి అధికారులే, నేను కాదు. కానీ అప్పటి నా నడక చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మి ఉండరు.

ఈ సంగతి భోజనాల దగ్గర గర్వంగా చెప్పాను. మావయ్య రిటైరైన పోలీసు. ఉద్యోగమంతా గంజాయివాళ్ల వెంట పరిగెత్తడంతోనే గడిచింది. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి కిటికీలన్నీ మూసి వచ్చాడు. (మాది బాగా పై అంతస్తు. వింటే పావురాలు వినాలి.) తర్వాత నన్ను కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాడు. నేనూ ఓపిగ్గా చెప్పాను: యజమాని వేలిముద్రలివ్వాలి, పాత నేరాలుంటే బయటపెట్టాలి, దుకాణం బడికి దూరంగా ఉండాలి, మూలమూలకీ కెమెరా ఉండాలి, మొక్క మొక్కకీ ట్యాగు కట్టాలి, ఊరి కౌన్సిల్ ఒప్పుకోవాలి. అన్నిటికీ మించి, ఏం జరిగినా జవాబు చెప్పుకుంటానని ఒక మనిషి సంతకం పెట్టాలి. అది లేకపోతే నేను నిర్దాక్షిణ్యంగా తిప్పి పంపేస్తాను.

వేలిముద్రల దగ్గర మావయ్య కాస్త మెత్తబడ్డాడు, కెమెరాల దగ్గర ముచ్చటపడ్డాడు. అమెరికాలో దేశం చట్టం ఇప్పటికీ కాదంటుంటే రాష్ట్రం ఔననడం మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. చివరికి, ఎవరైనా అడిగితే "ఆఫీసు పని" అని ఊరుకోమని తీర్పు చెప్పాడు.

అప్పుడు నోరు విప్పింది అమ్మమ్మ. మన తెలుగువాళ్లు ఒకప్పుడు సముద్రం దాటి కూలికొచ్చి స్థిరపడ్డ సుంగై సుమున్ ఎస్టేటులో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఎవరికి కొత్త ఉద్యోగం వచ్చినా, ఆ పని పేరు చెప్పి గుడిలో అర్చన చేయించడం ఆవిడ పద్ధతి.

"మనుసులకి ఏటైనా సెప్పుకోండి. దేవుడికి ఏ పనని సెప్పీది? సెప్పుకోలేని పనైతే మానీయే, గుంటా."

నాకు నిజంగా భయమేసింది. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం, అమ్మమ్మ మాట దాటే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పి అడుగుదామని ఒప్పుకున్నాను.

శుక్రవారం గుడిలో పెద్ద వరస. గుడి పూజారి గురుక్కల్ నా పేరు, నక్షత్రం అడిగాడు. పిల్లకి కాదు, పిల్ల పనికని చెప్పి, అదేం పనో అమ్మమ్మ తమిళంలో స్పష్టంగా చెప్పేసింది. గొంతు తగ్గించడం ఆవిడకి జన్మలో రాలేదు. వరసలో తలలన్నీ మా వైపు తిరిగాయి. నేను స్తంభం చాటుకి జరిగాను. ఇంటి పరువు పోతుంటే చూడలేక, కిటికీలు మూసిన ఆ మావయ్యే వరస వైపు తిరిగి మొదలుపెట్టాడు: వేలిముద్రలు, కెమెరాలు, బడికి దూరం, ట్యాగులు. "గవర్నమెంట్ లైసెన్స్ లా" అని, మా ఊరి యాసలో చివర ఒక "లా" తగిలించి ముగించాడు. నా కంటే బాగా చెప్పాడు. వెనకున్న ఒకావిడ, కెమెరాలు మన వీధికి కూడా కావాలంది.

గురుక్కల్ పళ్లెం పట్టుకుని అంతా విని, ప్రశాంతంగా అడిగాడు: "సరి, కంపెనీకి ఎన్న నట్చత్తిరం?"

మావయ్య నా వైపు చూశాడు. కంపెనీ ఏ నక్షత్రాన పుట్టిందో మా దరఖాస్తుల్లో ఎక్కడా అడగరు.

అమ్మమ్మ తన నక్షత్రం చెప్పింది. తర్వాత లోపలికి చూస్తూ, దేవుడితో తెలుగులో అంది: "ఇందులో పాపం ఏటైనా ఉంటే నాకు రాయి. గుంటకొద్దు."

అంతా చట్టప్రకారమే కాబట్టి పాపం ప్రశ్నే రాదని, బయటికొస్తూ ఆవిడకి దారంతా వివరించాను. ఆవిడ తలూపుతూ కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. నేను ఇంకా దరఖాస్తులే చూస్తున్నాను, కాకపోతే కాస్త పెద్ద కుర్చీలో. జవాబుదారీ సంతకం దగ్గరికి రాగానే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ సంతకం లేదని ఊరందరి దరఖాస్తులూ తిప్పి పంపిన అప్పటి ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. తన తరఫున అది ఎవరు పెట్టారో తెలియకుండానే, కొబ్బరిచిప్ప కొరుక్కుంటూ ఇంటికొచ్చేసింది.