ముప్పై ఏడు మీద మూడు గీతలు

ద్రావా నది వారనున్న మా ఊళ్ళో వింకో షిమెగ్ అంటే తెలియనివాళ్ళు లేరు. నలభై ఎనిమిదేళ్ళలో తొంభై తొమ్మిదిసార్లు రక్తం ఇచ్చిన మనిషి. మొదటిసారి సైన్యంలో ఉండగా, ఇరవై ఒకటో ఏట ఇచ్చాడు. పాతికకి కంచు బిళ్ళ, యాభైకి వెండి బిళ్ళ, డెబ్బై అయిదుకి బంగారు పూత బిళ్ళ అందుకున్నాడు. వరదొచ్చిన ఏడు మూడు పగళ్ళు నడుం వంచకుండా ఇసుక బస్తాలు మోశాడు. చక్కెర మిల్లులో ముప్పై ఆరేళ్ళు చేసి, జ్వరమని ఒక్కపూట సెలవు పెట్టినవాడు కాదు. వందోసారి కూడా ఇస్తే రాజధానికి పిలిచి మెడలో పతకం వేస్తారు. మా ఊళ్ళో ఆ పతకం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

అలాంటివాడికి జూన్ నెలలో ఒళ్ళు వెచ్చబడింది. మరీ ఎక్కువేం కాదు, చంకలో పెట్టుకున్న థర్మామీటరులో ముప్పై ఏడు మీద మూడు గీతలు. మర్నాడూ అంతే. నెల పోయాకా అంతే. దగ్గు లేదు, నొప్పి లేదు, అన్నం సయిస్తోంది. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి మాత్రం కళ్ళు మండుతాయి, మోకాళ్ళలో జీవం పోతుంది. మంచాన పడదామంటే అంత జబ్బు కాదు, లేచి కట్టెలు కొడదామంటే చేతులు రావు.

చూపించుకోని డాక్టరు లేడు. ఛాతీ ఫోటో తీశారు, పళ్ళు కదిపి చూశారు, కడుపులోకి గొట్టం దింపారు. పరీక్షలకని లాగిన రక్తమంతా ఒకచోట పోస్తే ఈపాటికి వందోది అయిపోయేదని వింకో కసి.

"మీకేం లేదండీ" అన్నాడు జిల్లా ఆసుపత్రి పెద్ద డాక్టరు.

"ఏం లేకపోతే ఈ ఒళ్ళు కాలడమేమిటయ్యా మరి?"

"కొందరికి అలా ఉంటుంది."

"కొందరికి ఉంటే వాళ్ళకే ఉండనీ! నాకెందుకు?"

ఊళ్ళో అయితే కారణం తెలియనివాడు లేడు. "కిటికీ, తలుపూ రెండూ బార్లా తీసి మధ్యలో కూర్చున్నావు. ఎదురుగాలి పట్టింది. చెబితే విన్నావా?" అంది భార్య యాగా. చిన్ననాటి నేస్తం మియో ఇంకో మాటన్నాడు. రక్తం ఇవ్వడంలో తొంభై ఒకటి దగ్గరున్నాడు వాడు. "నీ ఒంట్లో రక్తం ఎక్కువైందిరా. దించేవాళ్ళు లేక మరుగుతోంది. మూత తియ్యి!"

"నీ మూత నువ్వు చూసుకోరా" అని వింకో కసిరాడు.

రక్తం తీసుకునేవాళ్ళు మూణ్ణెల్లకోసారి మా అగ్నిమాపక దళం హాలుకు వస్తారు. ఒళ్ళు ముప్పై ఏడు దాటినవాణ్ణి ముట్టుకోరు. ఆగస్టులో వింకోని తిప్పి పంపారు. నవంబరులోనూ తిప్పి పంపారు. ఇక మిగిలింది ఫిబ్రవరి. మార్చిలో అతనికి డెబ్బై నిండుతాయి, ఆ తర్వాత ఎంత బతిమాలినా తీసుకోరు.

ఫిబ్రవరిలో ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే చూసుకుంటే అవే మూడు గీతలు. "యాగా, మేజోళ్ళు తడుపు" అన్నాడు.

మా వైపు పిల్లలకి జ్వరమొస్తే ఉన్ని మేజోళ్ళను రాకియాలో, అంటే ఇంట్లో కాచిన పళ్ళ సారాలో, ముంచి పిండి తొడుగుతారు. వేడి పాదాల్లోంచి దిగిపోతుందని నమ్మకం. యాగా సీసాడు సారా గిన్నెలో వంపింది. "ఇది పెళ్ళిళ్ళకని దాచిందయ్యా. నీ కాళ్ళకి తాగిస్తున్నాను" అని సణుగుతూనే తొడిగింది. వాటిమీద బూట్లు బిగించి, కోటు గుండీలు విప్పుకుని, ఆ మంచుగాలిలో సైకిలు తొక్కుకుంటూ హాలుకి చేరాడు. దవడలు కొట్టుకుంటున్నాయి, మనసు మాత్రం గాల్లో తేలుతోంది.

నర్సు నెవెంకా అతన్ని పదిహేనేళ్ళుగా ఎరుగును. థర్మామీటరు తీసి వెలుతురుకి పెట్టి చూసింది. "ముప్పై ఆరు మీద తొమ్మిది! బాబాయ్, జ్వరం పోయిందా?"

"పోయింది."

"ఎప్పుడు?"

"పోయిందన్నానుగా. రాసుకో."

ఆమె నవ్వుతూ రక్తపోటు పట్టీ చుట్టడానికి వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. "బాబాయ్, మందు వేసుకొచ్చావా?"

వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు.

"నేనా? రక్తం ఇచ్చే రోజున నాలిక మీద చుక్క పడనిచ్చానా ఎప్పుడైనా?"

"సారా బట్టీలా గుప్పుమంటున్నావు. తాగినవాళ్ళ దగ్గర తీసుకోకూడదని నువ్వే కదా అందరికీ చెబుతావు!"

వెనకనుంచి మియో అందుకున్నాడు. "వందోసారికి ధైర్యం చాలక ఓ గుక్కేశాడమ్మా. పోనియ్!"

జనం గొల్లుమన్నారు. వింకో చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీలో కూలబడి బూటు లాగాడు, ఇంకో బూటూ లాగాడు. తడి మేజోళ్ళు పీకి బల్లమీద చప్పుడయ్యేలా కొట్టాడు. "చూసుకోండి! తాగింది ఇవి. నేను కాదు!"

నవ్వు ఇంకా పెద్దదైంది. నెవెంకా నవ్వలేదు. ఈ ప్రాంతపు పిల్లే, మేజోళ్ళెందుకు తడుపుతారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. "ఇంట్లో చూసుకుంటే జ్వరం ఎంత ఉంది బాబాయ్?" అని మెల్లిగా అడిగింది.

ఒక్క మాటతో దాటిపోవచ్చు. కాళ్ళు నొప్పులంటే చాలు. ఇక్కడి థర్మామీటరు ముప్పై ఏడు దాటలేదు కదా, సూది పడుతుంది, వంద అవుతుంది. ఎదురుగా తెల్లటి థర్మకోల్ పెట్టె ఉంది, రక్తం సంచులు పేర్చి ఆసుపత్రికి పంపేది. ఆ రక్తం ఎక్కడో మంచం మీదున్న మనిషి ఒంట్లోకి పోతుంది. డాక్టర్లకే పేరు తెలియని ఈ వేడి కూడా వెంట పోతుందో పోదో, చెప్పగలవాడెవడు?

"మూడు గీతలు" అన్నాడు. "జూన్ నుంచి అవే మూడు. ఒక్కరోజు తగ్గి చావలేదు."

ఆమె కాగితం మీద రాస్తుంటే తల వంచి చదివాడు. కారణం తెలియని జ్వరం, అని ఉంది. అప్పుడొచ్చింది అసలు కోపం. "కారణం తెలియదంటారు, దాన్నే కారణమని రాస్తారు! ఎనిమిది నెలల్లో ఇంతమంది చదువుకున్నవాళ్ళు తేల్చింది ఇదా?" ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

ఇంటికి పోతాడనుకున్నారు అందరూ. పోలేదు. చిట్టచివర ఆనాటి జాబితా పైకి చదవడం ఇన్నేళ్ళుగా అతని పని. బూట్లలో ఉత్త కాళ్ళతో బల్ల దగ్గర నిలబడి చదివాడు.

"ఇచ్చినవాళ్ళు ముప్పై నలుగురు. మియో, తొంభై రెండు." వేలు కింది వరసకి జరిపాడు. "తిప్పి పంపినవాళ్ళు ఒకరు. వింకో షిమెగ్. తొంభై తొమ్మిది దగ్గర ముగింపు."

బయట పెద్ద బానలో మాంసం పులుసు ఉడుకుతోంది. మియో కంచం తెచ్చి, "కూర్చోరా, చల్లారిపోతుంది" అన్నాడు.

"చల్లారడమంటే ఏమిటో నాకు చెప్పకు" అని వింకో కాగితం మడిచి వాడి చేతిలో పెట్టాడు. "మే నెలనుంచి నువ్వు చదువు. గట్టిగా చదువు, గొణక్కు." సైకిలు తీసుకుని, ఎక్కకుండా, నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.